బాలింతకు కోసిన గొర్రె

ఉర్కియాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టినప్పటి నుంచీ చేతకాదు. టీ గిన్నె సగంలో ఉండగానే లేచి పొయ్యి దగ్గరికి వెళ్తుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళగానే కుక్క ఎందుకు మొరిగిందో చూడ్డానికి పెరట్లోకి పరిగెడుతుంది. మొగుడు బతికున్న రోజుల్లో "గుర్రానికేసినట్టు నీ కాళ్ళకూ బందం వెయ్యాలే" అని నవ్వేవాడు. అలాంటి మనిషి, కోడలు తొల్గనాయ్ మగపిల్లాణ్ణి ఎత్తుకుని పురిటి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున మాత్రం, ఆ పిల్ల పరుపు పక్కనే బాసింపట్టు వేసుకుని కదలకుండా కూర్చుంది. గొర్రె మెడ తినిపించే పని ఇంకొకరికి అప్పజెప్పేది కాదు మరి.

ఆ గడ్డిమైదానాల ఊళ్ళలో బాలింత కోసం కోసే గొర్రెకు ఖల్జా అని పేరు. పురుడొచ్చిన ఇంట్లో ఖల్జా కోయలేదంటే ఆ అత్త ముఖం ఊళ్ళో ఎవరూ చూడరు. ఉర్కియా మందంతా తిరిగి, తోకలో పేరుకున్న కొవ్వు బరువుకు నడవలేక నడుస్తున్న పొట్టేలును ఏరి కోయించింది. మెడను మాత్రం ముక్కలు కొట్టనివ్వలేదు. మెడమాంసం మొత్తం తల్లే తినాలి, అదీ కత్తి తగలకుండా, పళ్ళతో గీకి. అలా తెల్లబడ్డ ఎముకను గోడకు వేలాడదీస్తే బిడ్డ మెడ తొందరగా నిలబడుతుంది. ఉర్కియా తన కొడుకు దౌరెన్‌కు అలాగే చేసింది, వాడి మెడ ఇప్పుడు ఆంబోతు మెడలా ఉంది.

"తిను తల్లీ. నిదానంగానే తిను. నేనెక్కడికీ పోను," అంది.

తొల్గనాయ్ ఎముక కేసి చూసింది, అత్త కేసి చూసింది. "కాసేపాగి తింటాను అపా," అంది సన్నటి గొంతుతో. అక్కడ పెద్ద ఆడవాళ్ళందరినీ అపా అంటారు, కోడళ్ళు అత్తను కూడా అమ్మలాగే అలా పిలుస్తారు.

"ఆగితే కొవ్వు గడ్డకట్టి చస్తుంది. ఊఁ, కొరుకు."

నోట్లో నాలుక లేని పిల్ల. పెళ్ళయి ఏడాది దాటినా అత్త మాటకు ఎదురు చెప్పి ఎరగదు. కళ్ళు మూసుకుని కొరికింది, నమిలింది, మందు మింగినట్టు మింగింది. ఎముక తెల్లబడేదాకా ఉర్కియా లేవలేదు. ఆ తర్వాత గిన్నెడు సోర్పా, అంటే మాంసం ఉడికిన చిక్కటి రసం, తాగించి గానీ మూతి తుడుచుకోనివ్వలేదు. ఆమెకు ప్రేమంటే పెట్టడమే. ఇంకో రకంగా ప్రేమించడం ఆవిడకు ఎవరూ నేర్పలేదు, ఆవిడా నేర్చుకోవాలనుకోలేదు.

వారం తిరక్కుండానే కోడలు మారిపోయింది. మొదట వాంతులు. "పచ్చి ఒళ్ళు, కొవ్వు ఎక్కువైందేమోలే" అనుకుని ఉర్కియా కొవ్వు తీసేసి మాంసం పెంచింది. తర్వాత నిద్ర పట్టడం మానేసింది. తొల్గనాయ్ పరుపు మీద కూర్చుని వేళ్ళు పిసుక్కోవడం, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళడం, తిరిగొచ్చి కూర్చోవడం, మళ్ళీ లేవడం. నడిస్తే తాగినవాళ్ళలా గోడ పట్టుకునేది. టీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. ఒకసారి పొయ్యిని చూపించి "ఆ గుర్రాన్ని కట్టెయ్యండి అపా, పిల్లాణ్ణి తొక్కుతుంది" అంది.

ఆ మధ్యాహ్నమే సోర్పా గిన్నె నోటి దగ్గర పెట్టబోతే కోడలు చేత్తో కొట్టింది. రసం దుప్పటి నిండా ఒలికింది.

"పట్టుకుపో! ఆ వాసన నా దగ్గరికి తేకు! నువ్వూ నీ గొర్రే!"

అత్తను నువ్వు అంది! ఉర్కియాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ తిట్టబోయేలోపే ఆ పిల్ల చేతులు చూసింది. ముందుకు చాపి పెట్టిన చేతులు గాలికి రెక్కలు కొట్టుకుంటున్నట్టు వాటంతటవే ఊగుతున్నాయి. కోపం కాస్తా భయమైపోయింది.

వార్త ఎలా పాకిందో, ఉర్కియా పెద్ద తోడికోడలు ఖాదిషా గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఊళ్ళో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందుగా వచ్చేది ఆవిడే. సాయానికి అనుకునేరు, చూడ్డానికి.

"ఇంకా ఆలోచిస్తావేంటే? అల్బస్తీ పట్టింది దాన్ని," అంది లోపలికి తొంగి చూసి. అల్బస్తీ అంటే బాలింతల ఊపిరి ఎత్తుకుపోయే దయ్యం. "ఊపిరితిత్తులు పట్టుకుపోయి ఏట్లో ముంచుతుంది. ముంచిందంటే అయిపోయినట్టే. దిండు కింద కత్తి పెట్టావా లేదా?"

"పెట్టా. పెద్ద కత్తే పెట్టా."

"మరయితే తిండి సరిగ్గా పెడుతున్నావా?" ఖాదిషా గొంతు తగ్గించింది, అంటే పక్కింటికి వినపడేంత మాత్రమే తగ్గించింది. "ఆ ముఖం చూడు, పీనుగు ముఖం. రేపు ఊరంతా ఏమంటారో తెలుసా? ఖల్జా కోడలికని కోసి అత్త మేసింది అంటారు."

ఆ మాట ఉర్కియా గుండెల్లో ముల్లులా దిగింది. పెట్టడం చేతకాని అత్త! తనా! ఇంకో గొర్రెను కోయించింది. గిన్నె నోటి దగ్గర పెడితే కొడుతుంది కాబట్టి మాంసాన్ని మెత్తగా తరిగి, మాటల్లో పెట్టి, పిల్లాడి మీద ఒట్టేయించి, చెంచాతో తినిపించింది. మధ్యలో ఒక రోజు తొల్గనాయ్ కడుపులో ఏదీ నిలవక తీపి టీ తప్ప ఏమీ ముట్టలేదు. ఆ సాయంత్రానికి కళ్ళు తేటపడ్డాయి, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నవ్వింది కూడా. "చూశావా, తిన్న మాంసం ఇప్పటికి ఒంటబట్టింది" అని ఉర్కియా సంబరపడిపోయి, మర్నాడు పొద్దున్నే రెండు గిన్నెలు తాగించింది. మనిషి తాను నమ్మిందే చూస్తాడు. కళ్ళు రెండున్నా ఏం లాభం?

ఆ రెండు గిన్నెల తర్వాత తొల్గనాయ్ గుమ్మం దగ్గర కూలబడింది. పిలిస్తే మూలిగింది గానీ కళ్ళు తెరవలేదు. దౌరెన్ పనిలోంచి పరిగెత్తుకొచ్చి, భార్యను కారు వెనక సీట్లో పడుకోబెట్టి, పిల్లాణ్ణి తన తల్లి ఒళ్ళో పెట్టి, జిల్లా ఆసుపత్రికి తోలాడు. దారి పొడవునా ఉర్కియా కోడలి పాదాలు రుద్దుతూనే ఉంది.

డాక్టర్ జనార్ వయసులో చిన్నది, మాటలు తక్కువ. సూది గుచ్చి పంచదార నీళ్ళ సీసా ఎక్కించింది. రక్తం తీసింది, తల ఫొటో తీయించింది. ఫొటోలో ఏమీ లేదు. కానీ మర్నాటికి తొల్గనాయ్ లేచి కూర్చుని పిల్లాణ్ణి అడిగింది. ఉర్కియా ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేసింది.

"నాకింకా అర్థం కాలేదు అపా," అంది డాక్టరు. "రోగం పేరు తెలియకుండా మందేస్తున్నాను, నాకు నచ్చట్లేదు. ఇంకో రక్తపరీక్ష ఉంది, ఇక్కడ చెయ్యరు. ఐసులో పెట్టి నగరానికి పంపాలి, బండి రేపు పొద్దున గానీ లేదు. అది తేలేదాకా మాంసం, పాలు, గుడ్లు ఏవీ వద్దు. ఇంతకీ మాంసం తింటే ఈ అమ్మాయికి ఇంతకుముందెప్పుడైనా ఒంట్లో బాగోలేకుండా వచ్చిందా?"

"మా ఇంట్లో మాంసం తినని మనిషా?" ఉర్కియా నవ్వింది. "మా ఇంట్లో పిల్లి కూడా చేపలు ముట్టదమ్మాయ్, గుర్రం మాంసమే కావాలంటుంది."

దౌరెన్ ఏదో అనబోయి ఆగాడు. తల గోక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆసుపత్రి వాళ్ళు కోడలికి పెట్టిన భోజనం చూసి ఉర్కియా కడుపు తరుక్కుపోయింది. నీళ్ళలాంటి గోధుమనూక జావ, మీద ఒక చుక్క వెన్న. పాలిచ్చే తల్లికి ఇదా తిండి? ఖైదీలకు కూడా ఇంతకంటే మంచిది పెడతారు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. డాక్టరు చెప్పింది చెవుల్లో ఉంది, కాదనడం లేదు. కానీ డాక్టరు పెళ్ళి కాని పిల్ల, ఒక్క పురుడైనా ఎరగనిది. తాను ఊళ్ళో ఎందరు బాలింతలను ఈ సోర్పాతో నిలబెట్టిందని! మర్నాడు పొద్దున్నే ఊరెళ్ళే వాళ్ళ బండెక్కి ఇంటికెళ్ళి, గొర్రె తొడ ఉడకబెట్టి, మాంసాన్ని పీచులు పీచులుగా దంచి రసంలో కలిపి, ఫ్లాస్కులో పోసుకుని, శాలువా కింద దాచుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చింది.

వార్డులో ఎవరూ లేని సమయం చూసి మూత తీసింది. వాసనకే తొల్గనాయ్ ముఖం తిప్పుకుంది.

"డాక్టరుగారు వద్దన్నారు కదా అపా."

"డాక్టరు ఎప్పుడైనా బిడ్డను మోసిందా, కన్నదా? దానికి పుస్తకం తెలుసు, నాకు నువ్వు తెలుసు. ఇంత తాగు. నా కోసం తాగు."

నా కోసం అన్న తర్వాత ఆ ఇంటి కోడలు ఏం చేస్తుంది? రెండు చేతులా గిన్నె అందుకుంది. తాగుతున్నంతసేపూ ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. వేడికి అనుకుంది ఉర్కియా. అడుగున ఉన్న పీచు కూడా చెంచాతో పెట్టేసి, ఫ్లాస్కు మళ్ళీ శాలువా కింద పెట్టేసుకుంది.

సాయంత్రం కాకముందే తొల్గనాయ్ మంచం మీద కూర్చుని దుప్పటి చించడం మొదలుపెట్టింది. నర్సును కరవబోయింది. ఎవరూ లేని మూలకేసి చూస్తూ ఏదో అంది, కానీ అవి మాటలు కావు, మాటల ముక్కలు. ఆ తర్వాత ఒక్కసారిగా చల్లబడి పడిపోయింది. డాక్టరు వచ్చి కనురెప్ప ఎత్తి చూసింది, నొప్పికైనా లేస్తుందేమోనని రొమ్ము ఎముక మీద గట్టిగా నొక్కింది. తొల్గనాయ్ మూలగలేదు.

"పొద్దున బాగుంది కదా! ఏమైంది? ఏమన్నా తిందా? ఎవరైనా ఏమన్నా ఇచ్చారా?" జనార్ అందరి ముఖాలూ చూసింది.

ఉర్కియా శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఫ్లాస్కు డొక్కలో గుచ్చుకుంటోంది.

"అయితే తలలో ఫొటోకు దొరకని రక్తపుగడ్డ ఏదో ఉండి ఉండాలి. నగరంలో తల ఆపరేషన్ల ఆసుపత్రికి పంపేస్తాను," అంది డాక్టరు, ఫోను తీస్తూ. ఆ గొంతులో నమ్మకం లేదు.

అప్పుడొచ్చింది వియ్యపురాలు సౌలేష్, తొల్గనాయ్ తల్లి. కబురందగానే బస్సు పట్టుకుని రోజంతా ప్రయాణం చేసి, సరిగ్గా ఆ సమయానికే వార్డులో అడుగుపెట్టింది. కూతుర్ని చూసి కూలబడిపోయింది.

"మా మగపిల్లలు కూడా ఇలాగే పోయారు," అంది ఏడుస్తూ. "దీని తర్వాత ఇద్దరు. పేరైనా పెట్టకముందే. పాలు తాగారు, మగతపడ్డారు, పోయారు. అప్పుడూ అల్బస్తీ అన్నారు."

జనార్ ఫోను పక్కన పెట్టేసింది. "ఇద్దరూ మగపిల్లలేనా? ఇద్దరూ పాలు తాగడం మొదలెట్టాకేనా? ఈ అమ్మాయి చిన్నప్పుడు మాంసం తినేదా?"

సౌలేష్ బిత్తరపోయి ఉర్కియా కేసి చూసింది. వియ్యంకుల ముందు బయటపెట్టకూడని గుట్టు అది. కానీ మంచం మీద కూతురు అలా పడి ఉంటే గుట్టేమిటి?

"తినేది కాదు డాక్టరమ్మా. నోట్లో పెడితే ఉమ్మేసేది. కొట్టాను కూడా. కొంచెం ఎక్కువ తిన్న రోజు తలనొప్పని పడుకునేది. పెళ్ళి చేసేటప్పుడు నేనే చెప్పా, అత్తారింట్లో ఈ వేషాలు కుదరవు, కళ్ళు మూసుకుని మింగు అని. మాంసం తినని పిల్లను మనలో ఎవరు చేసుకుంటారు? నన్ను క్షమించండి వదినగారూ."

"మింగలేదత్తయ్యా," అన్నాడు గుమ్మం దగ్గర నుంచి దౌరెన్. ఇరవై ఏడేళ్ళ మగాడు, తప్పు చేసి దొరికిన బడిపిల్లాడిలా నిలబడ్డాడు. "రోజూ తన ముక్కలు నా పళ్ళెంలోకి తోసేది. నేనే తినేవాణ్ణి. సరదాగా అనుకున్నా. అమ్మకు చెబితే బాధపడుతుందని..."

ఉర్కియాకు అప్పుడు తెలిసింది, పెళ్ళయ్యాక కొడుకు ఎందుకంత లావెక్కాడో. ఏడాదిపాటు తన బల్ల దగ్గర కూర్చుని తన వంటను ఆ పిల్ల దొంగతనంగా మొగుడికి తోస్తూ బతికింది. బాలింత అయ్యాకే తప్పించుకునే దారి పోయింది. పక్కన మొగుడు లేడు, ఎదురుగా తాను కూర్చుంది, ఎముక తెల్లబడేదాకా.

గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఉర్కియా శాలువా కింద నుంచి ఫ్లాస్కు తీసి డాక్టరు ముందు బల్ల మీద పెట్టింది.

"నేనే పెట్టాను," అంది. "ఈ మధ్యాహ్నం. వద్దన్నా పెట్టాను. అందులో తొడమాంసం మొత్తం దంచి కలిపాను."

జనార్ తిట్టలేదు. తిడితే ఉర్కియాకు కాస్త హాయిగా ఉండేది. ఫ్లాస్కు మూత తీసి చూసి, ఫోను తీసుకుని ఇంకో ఆసుపత్రికి చేసింది. ఈసారి గొంతులో తడబాటు లేదు. తల డాక్టర్లు కాదు, రక్తం కడిగే యంత్రం కావాలంది. మనిషిని దార్లోనే పంచదార నీళ్ళు ఎక్కిస్తూ తెస్తున్నామంది. అంబులెన్సు వచ్చేలోపు వరండాలో ఉర్కియా పక్కన కూర్చుంది.

"మాంసం మనలో ఏమవుతుందో తెలుసా అపా?"

"బలమవుతుంది," అంది ఉర్కియా. ఆ మాట ఆమెకే చేదుగా తగిలింది.

"కొంత అవుతుంది. మాంసమంటే పూసలదండ అనుకోండి. కడుపులో పులుపు ఉంటుంది కదా, అది ముడులు వదులు చేస్తుంది. పేగుల్లో దారం తెగి పూసలు విడిపోతాయి. రక్తం వాటిని కాలేయానికి మోసుకుపోతుంది. ఒళ్ళు తనక్కావలసిన పూసలు ఏరుకుని సొంత దండలు గుచ్చుకుంటుంది, కండ, రక్తం, జుట్టు, పిల్లాడి పాలు. మరి మిగిలిన పూసలో? కొవ్వయితే దాచుకోవచ్చు, గొర్రె తోకలో దాచుకున్నట్టు. వీటిని దాచుకునే చోటు ఎవరికీ లేదు. విరగ్గొట్టాల్సిందే. విరిగినప్పుడు ఒక విషం పుడుతుంది. గుర్రాలసాల శుభ్రం చెయ్యకుండా మూసి ఉంచి పొద్దున్నే తలుపు తీస్తే కళ్ళు మండుతాయి చూడండి, ఆ వాసనే అది."

"అది మనందరిలో పుడుతుందా?"

"అందరిలో, రోజూ. కాలేయం దాన్ని చల్లార్చి మూత్రంలోకి పంపేస్తుంది. మీ కోడలి కాలేయంలో ఆ పని పుట్టుకతోనే సగం సగం జరుగుతోందని నా అనుమానం. ఇదే లోపం తల్లి నుంచి మగపిల్లాడికి వస్తే ఆ సగమూ ఉండదు, పాలల్లో ఉన్న పూసలకే ఆ ఇద్దరు పిల్లలూ పోయి ఉంటారు. చిన్నప్పుడే ఆ పిల్ల ఒంటికి తెలిసిపోయింది, అందుకే మాంసం ఉమ్మేసేది. అది వేషం కాదు. పురుడు అనేదే ఒంటికి పెద్ద బరువు, దానిమీద మీ గొర్రెలు. చల్లారని విషం మెదడుకు ఎక్కింది."

ఉర్కియా తన చేతులు చూసుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి కలుపుతూ, తరుగుతూ, పెడుతూ ఉండే చేతులు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద దాచుకుంది.

"అయితే ఇకమీద ఆకలితో ఉంచాలా దాన్ని?"

"అయ్యో, అదీ ప్రమాదమే! తిండి లేకపోతే ఒళ్ళు తన కండనే తింటుంది. అదీ మాంసమే కదా, అదే విషం. పెట్టాలి అపా. మీరే పెట్టాలి. ఏది పెట్టాలో నేర్చుకుని పెట్టాలి."

నగరంలో తొల్గనాయ్ రక్తాన్ని యంత్రంతో కడిగారు. పరీక్షలో డాక్టరు అనుమానమే నిజమని తేలింది. ఆ పిల్ల కళ్ళు తెరిచేదాకా ఉర్కియా ఆసుపత్రి గేటుకూ తలుపుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో కాపలావాడికే తెలియాలి. చివరికి అతను "అపా, నేల అరిగిపోతే నా జీతంలో కోస్తారు" అన్నాడు. మనవడి రక్తం కూడా చూశారు. వాడికి ఆ జబ్బు లేదు. ఆ మాట విని సౌలేష్ పిల్లాణ్ణి గుండెకు హత్తుకుని, పోయిన తన పిల్లల కోసం అప్పుడు పూర్తిగా ఏడ్చింది. ఉర్కియా వియ్యపురాలి వీపు నిమురుతూ తానూ ఏడ్చింది.

ఇంటికొచ్చాక వంటింట్లో కొత్త చదువు మొదలైంది. ఆలుగడ్డ ఎంత, అన్నం ఎంత, రొట్టె ఎంత. పాలు, పప్పు, ఎండు పెరుగుండలు కొలిచి, చిటికెడంటే చిటికెడే. గొర్రె తోకకొవ్వులో ఆ పూసలు దాదాపు లేవని తెలిసిన రోజు ఉర్కియా పండగ చేసుకుంది. ఆలుగడ్డల్ని తోకకొవ్వులో ఎర్రగా వేయించి, ఆపిల్ పండ్లకు తేనె రాసి పళ్ళెం నింపింది. తొల్గనాయ్ ఎదురుగా కూర్చుని, ఎవరి పళ్ళెంలోకీ ఏమీ తోయకుండా, అడిగి మరీ తింది. తన ఇంట్లో ఆ పిల్ల ఆకలిగా తినడం ఉర్కియా అదే మొదటిసారి చూడటం. సిగ్గుతో తల పొయ్యిలో పెట్టుకోవాలనిపించింది.

కానీ ఊరు ఊరే కదా. "కోడలికి గడ్డి పెడుతోందట" అన్నారు. ఖాదిషా అయితే "గొర్రె ముట్టదు, గొర్రె తినేది తింటుంది" అని నవ్వింది. మాంసం దీవెన అయిన చోట మాంసం విషమని ఎవరికి చెబితే నమ్ముతారు? ఉర్కియా అందరికీ "ఇంకా నీరసంగా ఉంది, కొన్నాళ్ళు పథ్యం" అని చెప్పుకొచ్చింది. అబద్ధం కాదు, నిజమూ కాదు. మాంసం తినని కోడలు మా ఇంట్లో ఉందనే మాట ఆవిడ నోటినుంచి రావడానికి ఇంకా సిద్ధంగా లేదు.

చలి ముదిరాక, శీతాకాలం తిండికి గుర్రాన్ని కోసిన రోజున చుట్టాలందరినీ పిలిచారు. బల్ల తలవైపు ఖాదిషా మొగుడు, ఉర్కియాకు పెద్దబావగారు, కూర్చున్నాడు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఉర్కియా ఆయన ఎదుట తలెత్తి మాట్లాడలేదు, ఆయన పేరు పలకలేదు. అక్కడి కోడళ్ళు ముసలివాళ్ళయినా బావగార్ల ముందు కోడళ్ళే. తినడాలు అయ్యాక ఆయన పళ్ళెంలో మిగిలిన గుర్రపుమాంసాన్ని, కొవ్వును పిడికిట్లోకి తీసుకుని చిన్నవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి నోట్లో పెట్టసాగాడు. పెద్దల చేతి ముద్ద అది. వద్దనడమంటే వాళ్ళ దీవెన మొహాన కొట్టడమే. ఇన్నేళ్ళలో వద్దన్నవాళ్ళు లేరు.

"తొల్గనాయ్! టీ తర్వాత పొయ్యొచ్చు, ఇలా రా అమ్మాయ్," అన్నాడాయన, అన్నిటికంటే పెద్ద ముద్ద చేసి. "చావు నోట్లోంచి బయటపడ్డావు. నా చేతి ముద్ద తిను, ఇంకే రోగమూ నీ దరికి రాదు. మీ అత్త పథ్యాలు చాలు ఇంక."

గదంతా నవ్వింది. తొల్గనాయ్ పాలిపోయింది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

తెరిచేసింది! చావబోయి వచ్చిన పిల్ల, ఏం జరుగుతుందో అందరికంటే బాగా తెలిసిన పిల్ల, పెద్దాయన చెయ్యి కాదనలేక నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు ఉర్కియా చూసింది. ఇలాగే కదా తన ముందూ తెరిచింది. గది ఆ చివర నుంచి ఎలా వచ్చిందో తెలియదు, గిన్నెలు దొర్లాయి, పెద్దబావగారి మణికట్టు పట్టుకుంది.

"వద్దు. పెట్టకండి."

నవ్వు టక్కున ఆగిపోయింది. "సిగ్గులేదుటే, బావగారి చెయ్యి పట్టుకుంటావా!" అని ఖాదిషా అరిచింది. ఉర్కియా వదల్లేదు.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఏం? నా చేతికి మట్టి అంటిందా?"

"మీ చేతిలో తప్పేం లేదు. నా చేతిలోనూ తప్పు లేదనే అనుకున్నా." ఉర్కియా తలెత్తి ఆయన కళ్ళలోకే చూసింది. "ప్రేమగానే పెట్టాను. ఏడుస్తుంటే పెట్టాను, డాక్టరు వద్దంటే దాచి తెచ్చి పెట్టాను. దయ్యం ఏదీ రాలేదు మా ఇంటికి. నేనే పెట్టి పెట్టి దీన్ని చావు దాకా తీసుకెళ్ళాను. పథ్యమని మీ అందరికీ అబద్ధం చెప్పా. పథ్యం కాదు, ఎప్పటికీ ఇంతే. మా ఇంటి కోడలు మాంసం తినదు. తింటే చచ్చిపోతుంది. ఆ ముద్ద ఊరికే పోకూడదంటే నాకు పెట్టండి."

పెద్దాయన ఆవిడ కేసి, చేతిలో ముద్ద కేసి, ఎదురుగా మోకాళ్ళ మీద ఉన్న పిల్ల కేసి చూశాడు. కొవ్వు ఆయన వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

"నిజమేనా అమ్మాయ్?" అన్నాడు చివరికి. "నువ్వు చెప్పు. మీ అత్త కాదు, నువ్వు."

తొల్గనాయ్ కళ్ళు తెరిచింది. పెదాలు కలుపుకుంది. పుట్టింట్లో దెబ్బలు తిన్నప్పుడు అనలేకపోయిన మాట, అత్తారింట్లో మొగుడి పళ్ళెంలో దాచుకున్న మాట, ఇప్పుడు ఇంతమంది ముందు అంది.

"నిజమే పెదమామయ్యగారూ. నేను మాంసం తినను."

పెద్దాయన తల ఊపి, ముసలి మరదలి వైపు తిరిగి, ఆ ముద్ద మొత్తం ఆవిడ నోట్లో పెట్టాడు. ముద్ద చాలా పెద్దది. ఉర్కియా ఏడుస్తూనే నమిలింది.